మూడు కత్తెర్లు

అక్క జుట్టు చిక్కు తీస్తున్నాను. గొర్రెల దొడ్డి వెనక కంపగోడకు ఆనుకుని ఒక చప్పటి బండ ఉంది. దాని మీద నేను, నా కాళ్ళ దగ్గర నేల మీద అక్క. వెచ్చచేసిన ఆముదం చిప్పలో పోసి పక్కన పెట్టుకున్నాను. జుట్టు నడుము దాటి ఉంటుంది. ఎప్పుడూ తలపాగా కింద ముడివేసి పెట్టడం వల్ల మెడ దగ్గర ఉండలు కడుతుంది. దువ్వెన అక్కడికి రాగానే పైన వేళ్ళతో బిగించి పట్టుకుని, కుదుళ్ళు లాగకుండా కొసల నుంచి విడదీస్తాను.

"నొప్పా?"

"లేదు. నువ్వు దువ్వుతాంటే నిద్దర వస్తాది."

ఊళ్ళో అందరికీ ఆమె మా అన్న. బళ్ళో రాయించిన పేరు శ్రీరంగప్ప. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం నేను అక్కా అనే పిలుస్తాను. నాకు మాటలు వచ్చినప్పుడు వచ్చిన పిలుపు అదేనని అమ్మ అంటుంది.

అక్కకంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి, పాలు మానకముందే పోయారు. మా వైపు అట్లా జరిగితే, తర్వాత పుట్టిన మగబిడ్డను చావు కంటపడకుండా దాస్తారు. ముక్కు కుట్టి ముక్కుపుల్ల పెడతారు. లంగా కడతారు. ఆడపేరు పెట్టి పిలుస్తారు. తీసుకుపోవడానికి వచ్చిన చావు, ఇది ఆడపిల్ల అనుకుని గడప నుంచే తిరిగిపోతుందని నమ్మకం. అట్లా ఆమె పాపక్క అయింది. బళ్ళో చేర్చే ఏడు లంగా విప్పి నిక్కరు తొడిగారు, ముక్కుపుల్ల తీశారు, మగపేరు పెట్టారు. ఇంట్లో అందరికీ ఆ ముచ్చట అంతటితో అయిపోయింది. అక్కకు అయిపోలేదు.

ఒక్క జుట్టు మిగిలింది. బిడ్డ బతికితే దేవరలో తలనీలాలు ఇస్తానని అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. దేవర అంటే మా వంశం వాళ్ళంతా కలిసి చేసే ఇంటిదేవత పండుగ. ఒక్క ఇల్లు రానన్నా అది జరగదు. మా పెదనాయనకూ మాకూ బీడు దగ్గర తగువు పడి మాటలు లేకపోవడంతో దేవర ఏటికేడు వెనక్కి పోయింది. మొక్కు జుట్టు మీద కత్తి పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఎవరైనా వెక్కిరిస్తే, "అది గంగమ్మ సొత్తు. నవ్వేటప్పుడు చూసుకొని నవ్వు" అని అమ్మ నోరు మూయించేది. అక్కకు మీసం మొలిచే వయసు వచ్చి, దాటి, ఇన్నేళ్ళూ ఆ తగువే ఆమెను కాచింది.

"ఏమే అక్కమ్మా!" అని అమ్మను పేరు పెట్టి పిలుస్తూ నాయిన గొంతు వాకిట్లోంచి వినిపించింది. అంత సంతోషంగా ఆయన పిలవడం నేను విని చాలా కాలమైంది. "మాయన్న చెయ్యి పట్టుకొన్నాడే! వేప్పనపల్లి బస్టాండులో, అందరి ముందర. టీ గూడా ఇప్పించినాడు. అమావాస్య పోయినాక వచ్చే సోమవారం దేవర!"

అమ్మ ఏమందో మాకు వినబడలేదు. నాయిన దొడ్డి చుట్టూ తిరిగి మా దగ్గరికే వచ్చాడు. భుజం మీద కంబళి, కండ్లలో నీళ్ళు.

"దువ్వుకో నాయినా, బాగా దువ్వుకో. సోమవారం గుండు కొట్టించి గంధం పూసినాక నీ నెత్తి మీద ఈగ వాలినా జారిపోవాల." తన మాటకు తనే నవ్వాడు. "ఆ పైన మీ మామ కూతురు లక్ష్మక్క. జుట్టు పెరిగేలోగా పెండ్లి. ఇన్నేండ్లు ఊరు నన్ను చూసి నవ్వింది రా రంగా. ఇంగ నవ్వదు."

దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. నా వేళ్ళ కింద అక్క మెడ చల్లబడటం తెలిసింది. నాయిన వెళ్ళాక ఆమె జుట్టంతా తనే ఒక్కచేత్తో మెలిపెట్టి ముడివేసి, పైన తలపాగా చుట్టుకుంది. సగం చిక్కు అట్లాగే ఉంది.

ఆ పొద్దు నుంచి అక్క సంగటి ముట్టలేదు. కంచం ముందు కూర్చుంటుంది, ముద్దను రెండు చేస్తుంది, నాలుగు చేస్తుంది, లేచిపోతుంది. నాయిన చూసి, "దేవరకు ఒక్కపొద్దు ఉండాడేమో" అన్నాడు.

అంతకు ముందు ఏడు అక్క హోసూరులో ఉంది. అక్కడ కొత్త ఫ్యాక్టరీలు కడుతుంటే మేస్త్రీలకు వంట చేసేది. బస్టాండు అవతల తనలాంటి వాళ్ళు కొందరు ఒకే ఇంట్లో ఉంటారని, తనను చెల్లెలా అని పిలిచారని నాకు చెప్పింది. అక్కడ కొన్న నీలం గాజులు గుడ్డలో చుట్టి బియ్యం కుండ వెనక దాచుకునేది. అమ్మకు జబ్బు చేసిందని నాయిన కబురు పెడితే వచ్చింది, మళ్ళీ పోనివ్వలేదు.

ఆ గాజుల మూట తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"ఇవి ఇంగ నీకే."

"మరి నీకు?"

"నాకు యాల?"

అంటూ ఆమె తల ఎత్తి చూసింది. నేనూ చూశాను. వసారాలో అటక మీద మామిడితోట మందు డబ్బా ఉంది. నాయిన గొర్రెలు కాయడమే కాక శ్రీనివాసప్ప తోటకు కాపలా కూడా ఉండేవాడు. పూత మీద పురుగు పడే కాలంలో ఆ డబ్బా మా ఇంటికి వస్తుంది, పిందె కట్టినాక పోతుంది. దాని వాసన మాకు అలవాటే. ఆ రోజు మాత్రం ఇల్లంతా అదే వాసన వేసినట్టయింది నాకు.

మరునాడు నర్సు అంజనమ్మ పసిపిల్లలకు సూదులు వేయడానికి ఊళ్ళోకి వచ్చింది. లావుపాటి మనిషి, నల్ల గొడుగు, ఎవరినీ ఊరికే వదలని నోరు. ఆమె పని ముగించుకుని బయలుదేరేదాకా వెనకాలే తిరిగాను. ఊరి చివర ఆగి, "ఏమ్మే నంజమ్మా, నీకూ సూది కావాల్నా?" అంది.

"అక్క సంగటి తినడం లేదు నర్సమ్మా."

"ఏ అక్క? మీ అమ్మకు నువ్వొక్కదానివే కదా ఆడబిడ్డ. ఈ అక్క యాడనుంచి దిగింది?"

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నవ్వు ఆగింది. గొడుగు మూసింది.

"మీ అన్ననా?"

తల ఊపాను. గాజుల సంగతీ, అటక సంగతీ చెప్పాను.

"ఇదంతా నాకు తెలిసిన యవ్వారం కాదమ్మా. అయినా డాక్టరు చూడాల. ఆయన బెంగళూరుకు పోయి మనసు జబ్బులకు ట్రైనింగు చేసుకొని వచ్చినాడు. వచ్చినకాడి నుంచి కాలు విరిగి వచ్చినోణ్ణి గూడా నిద్దర పడతాందా అప్పా అని అడుగుతాడు. రేపు మీ అమ్మను గూడా పిలుచుకొని రా."

వేప్పనపల్లి ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు జనం ఎక్కువ. డాక్టరు జనార్ధనరావు హోసూరు మనిషి, సన్నగా ఉంటాడు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. తల ఎత్తకుండానే, చీటీలో పేరు చూసి, "ఏం శ్రీరంగప్పా, ఏం కష్టం?" అన్నాడు.

అక్క పలకలేదు.

"ఏమప్పా, చెవులు వినపడవా?"

బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తలపాగా పక్కనుంచి జారిన జుట్టుపాయ అందరికీ కనబడుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు డాక్టరు తల ఎత్తాడు. అక్కను చూశాడు, నవ్విన వాళ్ళను చూశాడు. లేచి వచ్చి లోపలి గది తలుపు తీశాడు.

"నీతో పాటు ఎవరుంటే నీకు ధైర్యంగా ఉంటాది?"

అక్క నన్ను చూపింది. అమ్మ బయటే ఉండిపోయింది.

లోపల ఒక మంచం, రెండు స్టూళ్ళు. డాక్టరు తలుపు వేసి, తనూ ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముందు నేను అరిచినాను. తప్పు. నిన్ను ఏమని పిలవాల?"

బయట పసిబిడ్డ ఒకటి ఏడుస్తోంది. అది ఏడ్చి ఏడ్చి ఆగింది.

"పాపక్క."

"పాపక్క," అని ఆయన ఒకసారి మెల్లగా అనుకుని, "సరే పాపక్కా" అన్నాడు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు ఆయన నోట అప్పా అని వచ్చింది. వచ్చినప్పుడల్లా నాలుక కరుచుకుని మళ్ళీ సరిచేసుకున్నాడు.

తిండి అడిగాడు, నిద్ర అడిగాడు. జుట్టు సంగతీ దేవర సంగతీ విన్నాడు. తర్వాత గొంతు మార్చకుండా, "చచ్చిపోవాలని అనిపిస్తాందా?" అన్నాడు.

పగవాళ్ళ గురించి కూడా మేము అట్లా నోరు తెరిచి అనము. అక్క మాత్రం, నెత్తి మీది కట్టెల మోపు ఎవరో చెయ్యివేసి దించినట్టు, ఒక పెద్ద ఊపిరి విడిచింది.

"ఊ."

"ఎట్లనో గూడా అనుకున్నావా?"

అక్క నేల చూసింది. నేను చెప్పాను. "అటక మీద తోట మందు ఉండాది సార్." అక్క నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"సోమవారం దాటాలంటే నీకేం కావాల?"

"జుట్టు ఉండాల. అదొక్కటే నేను నేనని నాకు కనబడేది." మళ్ళీ అక్కే అడిగింది. "సార్, నన్ను మార్చే మందు ఉండాదా?"

"ఏ తట్టుకు?"

"నేను ఉండే తట్టుకు."

డాక్టరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలీదు పాపక్కా. నేను చదివిన చదువులో దీని గురించి మంచిమాట ఒక్కటీ లేదు. జబ్బని రాసిన పుస్తకాలు ఉండాయి. నిన్ను చూస్తే నాకు అట్ల అనిపించలేదు. బెంగళూరులో నాకు నేర్పించిన పెద్దాయన ఉండాడు, పోయి అడుగుతాను. అందాక ఒక మాట. హోసూరులో ఎవరన్నా కత్తితో చేసి మారుస్తామంటే పోవద్దు. అట్ల పోయి పుండు చీము పట్టి వచ్చిన మనిషిని నేను చూసినాను. కాపాడలేకపోయినాను."

అక్క తల ఊపింది.

"నువ్వు ఉండే తీరుకు నేను వైద్యం చెయ్యను. తినకుండా, నిద్దరపోకుండా, చావాలనిపిస్తాది చూడు, దానికి చేస్తాను. సోమవారం దాకా దినామూ రా. ఆ పైన బుధవారం బుధవారం. ఊరికే వచ్చి కూర్చో, మాట్లాడదాం. నీ మాట మీ అమ్మానాయినకు చెప్పొచ్చునా?"

అక్క చెప్పమంది.

అమ్మను లోపలికి పిలిచారు. డాక్టరు చెప్పింది విని ఆమె తలుపు పక్కనే నేల మీద కూలబడింది.

"నేనే చేసినాను సామీ. నేనే ముక్కు కుట్టించినాను, నేనే లంగా కట్టినాను. చావును మోసం చెయ్యబోయి నా బిడ్డను నేనే చెరిపినాను."

"మొక్కు గూడా అప్పుడే మొక్కినావా?"

"అప్పుడే సామీ. ఒళ్ళు కాలతా ఉన్నింది బిడ్డకు. 'గంగమ్మ తల్లీ, నా పాపక్కను కాపాడు, దాని తలనీలాలు నీకిస్తాను' అని మొక్కినాను."

డాక్టరు, "మీ ఆయన్ను పిలుచుకొని రా తల్లీ" అన్నాడు. ఇంటికి నడిచి వచ్చే దారంతా అమ్మ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. మొక్కు మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటోందని దగ్గరికి పోయాక తెలిసింది.

నాయిన రానన్నాడు. అంజనమ్మ వచ్చి, "సూది వేయడు లే హనుమంతయ్యా, అంత భయమెందుకు" అని నలుగురిలో అనేసరికి కంబళి దులుపుకుని బయలుదేరాడు. డాక్టరు స్టూలు చూపినా కూర్చోలేదు. తోటలో పనుందన్నాడు. డాక్టరు ఆయన్నే చూస్తున్నాడు, ముఖం వైపు కొంచెం వంగి.

"హనుమంతయ్యా, నీ ముక్కు పక్కన ఆ మచ్చ ఏంది?"

నాయిన చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. చిన్నప్పటి నుంచి ఆ మచ్చ నేను చూస్తూనే ఉన్నాను, ఏనాడూ అడగలేదు.

"మా అత్తకు గూడా ముందు పుట్టినోళ్ళు పోయినారు సామీ," అంది అమ్మ మెల్లగా. "ఈయనకు గూడా ముక్కు కుట్టి లంగా కట్టినారు. ముక్కమ్మ అని పిలిచేవాళ్ళంట."

"ముక్కమ్మ!" అని అంజనమ్మ పమిట నోట్లో కుక్కుకుంది.

"నవ్వండమ్మా, నవ్వండి!" నాయిన ముఖం ఎర్రబడింది. "పిలిస్తే? నాకు మీసం రాలేదా? పెండ్లి కాలేదా? ముక్కు కుట్టినా లంగా కట్టినా నేను మొగోణ్ణే అయినాను!"

"నేను చెప్పాలనుకున్నది నువ్వే చెప్పేసినావు," అన్నాడు డాక్టరు. అమ్మ వైపు తిరిగాడు. "విన్నావా తల్లీ? ఇద్దరికీ అదే ముక్కుపుల్ల, అదే లంగా. ఈయప్ప తానుగా ఉండేవాడు తానుగానే ఉండాడు. నీ బిడ్డా అంతే. నువ్వు కుట్టించిన ముక్కుతో వచ్చింది కాదు ఇది. నువ్వు చెరిపింది ఏమీ లేదు."

అమ్మ తుడుచుకోవడం మరిచిపోయి నాయిన ముక్కునే చూస్తూ ఉంది.

"అయితే ఏమంటావు సామీ? దేవర నిలపమంటావా?" నాయిన గొంతు పెద్దదైంది. "గంగమ్మ మొక్కు నీ సూదిమందా, వద్దనుకొంటే మానేదానికి?"

"నిలపమనను. మొక్కులోకి నేను రాను. రెండు మాటలు చెప్తాను, విను. గుండు కొడితే ఈ బిడ్డ బతకదని నాకు భయంగా ఉండాది. బెదిరించడం లేదు, ఆ బిడ్డ నాతో చెప్పిన మాట అది. రెండోది, మీ అటక మీద తోట మందు ఉండాది. అది ఈ పొద్దే ఇంట్లో నుంచి పోవాల."

"తోట కాపలావాడి ఇంట్లో తోట మందు లేకపోతే డాక్టరు ఇంట్లో ఉంటాదా?" నాయిన కంబళి భుజాన వేసుకున్నాడు. "జీవాలు కాసేవాణ్ణి సామీ నేను. మేత ముట్టని జీవాన్ని ఎన్నిట్ని చూసినాను. ఆకలైతే అవే తింటాయి."

ఆ సాయంత్రం అమ్మా నేనూ డబ్బా దించి గడ్డివామి కింద దాచాము. తెల్లవారి తోటకు పోబోతూ నాయిన వెతికాడు. అమ్మను ఒక్కమాట అడిగాడు, ఆమె పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. వామి కదిలినట్టు కనబడిందేమో, నేరుగా పోయి తీసుకొచ్చి అటక మీద ధనామని పెట్టాడు.

"తోటలో షెడ్డు ఉండాది కదా, ఆడ పెట్టరాదా?" అంది అమ్మ.

"షెడ్డుకు తాళం లేదు. పోతే శ్రీనివాసప్పకు నువ్వు చెప్తావా? ఎవరో కళ్ళద్దాలాయన చెప్పినాడని ఇంట్లో సామాను దొంగతనం చేసుకొంటారా?"

అప్పటి నుంచి అమ్మ తన చాప అటక కిందే పరుచుకుంది. పగలు నేను అక్కడే కూర్చుని అలసందలు వలిచేదాన్ని, చాటలో ఏమీ లేకపోయినా కూర్చునేదాన్ని. అక్క దినామూ వేప్పనపల్లికి నడిచి పోయి వచ్చేది. డాక్టరు మొదట అదే ప్రశ్న అడుగుతాడట, ఈ పొద్దు ఎట్లుంది అని. ఒక్కో రోజు అదొక్కటే మాట్లాడుకుంటారట. ఒక్కో రోజు హోసూరులో ఎన్ని రకాల సాంబారు వండేదో చెప్పించుకుంటాడట.

దేవర ఇంక రెండు రోజులుందనగా అమ్మ రాగులు చెరుగుతోంది. అక్క వాకిలి ఊడ్చి లోపలికి వచ్చింది.

"పాపక్కా, ఆ జల్లెడ ఇట్లియ్యి," అంది అమ్మ, తల ఎత్తకుండా.

అక్క జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బళ్ళో చేరిన తర్వాత అమ్మ తనను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. చెరిగే చప్పుడు ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అక్క జల్లెడ అందించింది. ఆ పూట సగం ముద్ద తిన్నది. తిన్నదని నాకు సంతోషం వేయలేదు. డబ్బా అక్కడే ఉంది, సోమవారమూ అక్కడే ఉంది.

సోమవారం పొద్దున ఊరవతల గంగమ్మ గుడి దగ్గర పలకలు మోగుతున్నాయి. పెదనాయన వాళ్ళూ, కుందారపల్లి నుంచి వచ్చిన చుట్టాలూ అందరూ అక్కడే ఉన్నారు. మొక్కు జుట్టు ఇంట్లోనే తీసి, కొత్త చాటలో పెట్టుకుని గుడికి తీసుకుపోవాలి. నాయిన తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మంగలి చెన్నకేశవులు వచ్చాడు. తెల్లవారినప్పటి నుంచి మా వంశం ఇండ్లన్నీ తిరిగి తిరిగి వస్తున్నాడు. పొది విప్పి, కత్తి తీసి రాతి మీద నూరాడు.

"మీ వంశంలో ఇన్ని తలకాయలు ఉండాయని నాకు ఈ పొద్దే తెలిసింది హనుమంతయ్యా. నా చెయ్యి పడిపోయింది," అన్నాడు.

అక్క బయటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. తనే పీట మీద కూర్చుని, తలపాగా విప్పి పక్కన పెట్టి, ముడి వదిలింది. జుట్టు వీపంతా పరుచుకుని పీట తాకింది. చెన్నకేశవులు చెంబులో చెయ్యి ముంచి, మొదట నుదుటి దగ్గర తడిపి, అలవాటు కొద్దీ అడిగాడు.

"గుండా, మూడు కత్తెర్లా?"

మొక్కులో మగవాళ్ళకు గుండు. ఆడవాళ్ళకు జుట్టు కొసన కత్తెరతో మూడు సార్లు కత్తిరించి తీసుకుంటారు. పొద్దుటి నుంచీ ప్రతి ఇంట్లో అడిగినట్టే అడిగాడు. అడిగాక ఎవరి తల మీద చెయ్యి ఉందో చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"థూ, నా నోరు. జుట్టు చూసి అడిగేసినాను. గుండే కదా."

"గుండే," అన్నాడు నాయిన. "కానియ్."

కత్తి చెమ్మతో మెరిసింది. అక్క కదలలేదు, ఏడవలేదు. తల కొంచెం పైకెత్తి అటక వైపు చూసింది. భయపడుతూ చూసిన చూపు కాదు. బస్సు వచ్చే దారిని చూసినట్టు, ఇంక ఎంతసేపులే అన్నట్టు చూసింది.

నాయిన ఆమెనే చూస్తున్నాడు. ఆమె కళ్ళ వెంబడే ఆయన కళ్ళూ పైకి పోయాయి. డబ్బా మీద ఆగాయి. మళ్ళీ ఆమె ముఖం మీదికి వచ్చాయి. ఆయన చెయ్యి ముక్కు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

"చెన్నకేశవులూ, కత్తి కింద పెట్టు," అంది అమ్మ.

పసుపు నీళ్ళ చెంబు పట్టుకుని గడపలో నిలబడి ఉంది ఆమె.

"మొక్కింది నేను. నా నోటితో మొక్కినాను. నా పాపక్క తలనీలాలు ఇస్తానని మొక్కినాను. చావుకు అబద్ధం చెప్పినాను, ఒప్పుకొంటాను. గంగమ్మకు గూడా అబద్ధం చెప్పేదా? ఆడబిడ్డ జుట్టని మాట ఇచ్చినాను. ఆడబిడ్డ ఇచ్చినట్లే ఇస్తాది."

"గుడికాడ వంశమంతా ఉండాది," అన్నాడు నాయిన. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది. "వాళ్ళకు ఏమని చెప్పేది?"

"మొక్కు తీరిందని చెప్పు."

"మీ అన్న కూతురు?"

"మాయన్నకు నేను చెప్తాను."

చెన్నకేశవులు కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంది. "నేను కూలికి వచ్చినోణ్ణప్పా, ఆలూమగల తగువు నాకెందుకు. హనుమంతయ్యా, నువ్వు చెప్పు. కత్తా, కత్తెరా?"

గుడి దగ్గర పలకలు ఒక్కసారి జోరుగా మోగి ఆగాయి. మమ్మల్ని రమ్మని పిలుస్తున్నట్టుంది. చెన్నకేశవులు ఇంకోసారి నాయిన ముఖం చూశాడు. వద్దనే మాట కోసం చూశాడు. అది రాలేదు. కత్తి తుడిచి మడిచి పొదిలో పెట్టి, కత్తెర తీశాడు.

జుట్టు కొసలు వేళ్ళ మధ్య పట్టుకుని కత్తిరించాడు. ఒకటి. అమ్మ చాట ముందుకు జరిపింది. రెండు. అక్క భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మూడోసారి కత్తెర పడేటప్పటికి ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చాటలో పడినది నా గుప్పెట్లో పట్టేంత కూడా లేదు.

దువ్వెన నా చేతిలోనే ఉంది. పోయి పక్కన కూర్చున్నాను.

"అక్కా, లేయి. జడ వేస్తాను."

నాయిన ఉన్నప్పుడు ఆ పిలుపు నా నోట ఎప్పుడూ రాలేదు.

నాయిన లేచాడు. అమ్మ చాట గుండెకు ఆనించుకుని ఒక అడుగు అక్క ముందుకు వచ్చింది. ఆయన మా ఎవరి వైపూ రాలేదు. అటక దగ్గరికి పోయి, కాలివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో డబ్బా దించాడు. అది ఉన్న చోట దుమ్ములో గుండ్రటి గుర్తు మిగిలింది. భుజాన ఉన్న కంబళి తీసి, డబ్బాను మొత్తం చుట్టి, చంకన పెట్టుకున్నాడు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కొంచెంసేపు వంగి ఉండిపోయాడు. పట్టీ సరిగా పడలేదో ఏమో.

తర్వాత పలకలు మోగుతున్న వైపు కాకుండా, తోట దారిన, మాట లేకుండా వెళ్ళిపోయాడు.